అమ్మ మాటల పెట్టె: పని డైరీ

నా స్నేహితురాలు పోయి ఎనిమిది నెలలు కావస్తోంది. పెద్దది రెండో తరగతి చదువుతోంది, చిన్నోడికి మూడేళ్లు నిండాయి. చంకలో ఎప్పుడూ ఎవరో ఒక బిడ్డ ఉండేది కాబట్టి తను ఫోన్లో టైప్ చేసేది కాదు, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లే పెట్టేది. వాటిలోంచి పిల్లలకు సంబంధించిన మాటలు ఏరి, బటన్ నొక్కితే వినిపించే చెక్కపెట్టె ఒకటి చేశాం. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసుకుంటాను, సోల్డరింగ్ కొత్త కాదు. ఆ పని తెలియనివాళ్లు కూడా చేసుకోగలిగేలా ఇక్కడ రాస్తున్నాను. సర్క్యూట్ కన్నా మాటలు ఏరడం దగ్గరే ఎక్కువ ఆగాల్సి వచ్చింది కాబట్టి అదే ఎక్కువ రాశాను.

మీ ఇంట్లోనూ ఇలాంటి అవసరం ఉంటే, మిగతావి తీరిగ్గా చేసుకోవచ్చు. దశ 1 మాత్రం ఈ వారమే చేయండి.

దశ 1: ఫైళ్లు చేర్చడం

ఆండ్రాయిడ్ ఫోన్ స్టోరేజిలో 'ఆండ్రాయిడ్', దాంట్లో 'మీడియా', ఆ లోపల వాట్సాప్ ఫోల్డర్లు తెరుచుకుంటూ పోతే 'వాయిస్ నోట్స్' అని ఒకటి కనిపిస్తుంది. దాంట్లో వారానికొకటి చొప్పున చిన్న ఫోల్డర్లు. పంపినవీ వచ్చినవీ అన్నీ అక్కడే ఉంటాయి. ఫైలు రకం ఓపస్. ఫైలు పేరులోనే తేదీ ఉంటుంది, ఈ పనికి ఆ తేదీ చాలా ముఖ్యం.

మొదట తన భర్త (నేను అన్నా అంటాను) తన దగ్గరున్నవన్నీ నాకు ఫార్వర్డ్ చేశాడు. అలా వచ్చిన ప్రతి ఫైలుకూ ఫార్వర్డ్ చేసిన రోజు తేదీయే పడింది. చిన్నోడికి పళ్లొచ్చినప్పటి మాట ఏది, పెద్దదాన్ని బడిలో వేసినప్పటిది ఏది అన్నది తెలియకుండా పోయింది. అవన్నీ తీసేసి మళ్లీ మొదలుపెట్టాం.

1. ఫోన్‌ని కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి 'వాయిస్ నోట్స్' ఫోల్డర్ మొత్తం కాపీ చేయాలి. ఒక్కో ఫైలు ఏరుతూ కూర్చోవద్దు.
2. ఏ ఫోన్ నుంచి తీశారో ఆ పేరుతో విడివిడిగా ఉంచాలి.
3. ఆ వెంటనే రెండు పెన్‌డ్రైవ్‌లలోకి ఎక్కించి, రెండు వేరే ఇళ్లలో పెట్టాలి.

తన వాళ్లమ్మ (పిల్లలకు అవ్వ) ఫోన్‌తో కష్టమైంది. స్టోరేజి నిండిందని ఎవరో పాత మీడియా అంతా తీసేశారు. చాట్‌లో మెసేజ్ కనిపిస్తుంది, నొక్కితే ఫైలు లేదు, మళ్లీ పంపమని పంపినవాళ్లను అడగండి అని వస్తుంది. అవ్వ ఆ ఇంగ్లీషు చదవలేదు. ఏముందమ్మా అని అడిగింది. చెప్పాను. ఫోన్ నా చేతికిచ్చేసి లోపలికి వెళ్లిపోయింది.

అలా పోయినవాటిలో కొన్ని దొరికాయి. తను ఒకే మాటను అమ్మకీ భర్తకీ ఇద్దరికీ పంపే అలవాటు ఉండేది. తేదీ, టైము పోల్చుకుంటూ అన్న ఫోన్లో వెతికితే పన్నెండు బయటపడ్డాయి. మీరూ ఈ దారిలో వెతకండి: ఒకరి దగ్గర పోయింది ఇంకొకరి దగ్గర ఉండొచ్చు.

లెక్క: అన్న ఫోన్లో 318, నా ఫోన్లో 241, అవ్వ ఫోన్లో 57. మొత్తం 616. రెండుసార్లు వచ్చినవి 71 తీసేస్తే 545. నిడివి 3 గంటల 4 నిమిషాలు. సైజు చూస్తే అంతా కలిపి 30 ఎంబీ కూడా లేదు, ఒక పెళ్లి వీడియోలో ముక్కంత.
ఖర్చు: పెన్‌డ్రైవ్‌లు 2, రూ.700. ఇప్పటిదాకా రూ.700.

దశ 2: వినడం, ఏరడం

ఒక నోటుబుక్కులో అయిదు గళ్లు గీశాను: తేదీ, ఎవరికి పంపింది, ఏం చెప్పింది, వెనక ఏం వినిపిస్తోంది, ఎక్కడికి వెళ్లాలి. నాలుగో గడి మొదట్లో లేదు. వింటూ ఉంటే అది తప్పనిసరి అనిపించి గీసుకున్నాను.

ఉదాహరణకు 41 సెకన్ల మెసేజ్ ఒకటి. నాకు పంపింది. ఏదో బ్లౌజు కుట్టుకూలి గురించి మొదలుపెట్టి, రెండో వాక్యంలోనే, 'ఉండు ఉండు, నోరు తెరు నాయనా... ఇంగొక్క ముద్ద... ఇది అక్క ముద్ద, ఇది అవ్వ ముద్ద, ఇది కుక్క ముద్ద, కుక్కకు పెట్టేయనా? వద్దా? అయితే నువ్వే తిను' అంటుంది. వెనక చిన్నోడి నవ్వు, మిక్సీ, రైలు కూత. చివరికి 'ఏం చెప్తా ఉన్నానే నేను?' అని ఆపేసింది. కుట్టుకూలి సంగతి చెప్పనే లేదు. తన మెసేజ్‌లలో సగం ఇలాంటివే. నాతో మాట్లాడుతూనే మధ్యలో పిల్లలవైపు తిరిగిపోయేది, మళ్లీ నా దగ్గరికి వచ్చేసరికి మొదలుపెట్టిన విషయం మరిచిపోయి ఉండేది. అప్పట్లో అదేమీ ప్రత్యేకంగా అనిపించలేదు. ఇప్పుడు పెట్టెకు కావలసిందంతా ఆ మధ్యలోనే దొరికింది.

కాబట్టి ఫైలు పేరు చూసి, ఎవరికి పంపిందో చూసి వదిలేయకండి. బంగారు రేటు గురించిన మెసేజ్‌లోనే పిల్లాడి ముద్దుపేరు ఉండొచ్చు.

పిల్లలున్నవి 163 తేలాయి. వాటిని ఎలా విడదీయాలన్నదాని మీద ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం.

ఆసుపత్రి నుంచి పంపినవి 31. గొంతు సన్నబడిపోయింది, మధ్యలో ఆయాసం. వాటిలోనూ పిల్లల మాటే: పెద్దదానికి నూనె పెట్టి జడ వెయ్యండి, చిన్నోడికి పొద్దున చన్నీళ్లు పోయొద్దు. అన్న వాటిని కూడా పెట్టాలన్నాడు. నేను వద్దన్నాను. పిల్లలు రోజూ నొక్కే పెట్టె అది, ఆ ఆయాసం వాళ్లకు రోజువారీ శబ్దం కాకూడదు. అవి విడిగా ఒక మెమరీ కార్డులో, కవర్ మీద పేరు రాసి ఉంచాం. పెద్దయ్యాక వాళ్లే అడిగితే ఇవ్వాలి.

ఆరోగ్యంగా ఉన్నప్పటి మాటల్లోనూ ఒక చిక్కుంది, అది అవ్వ పట్టుకుంది. చిత్తూరులో పెళ్లికి వెళ్లి అక్కడి నుంచి తను పెట్టిన మెసేజ్: 'ఏడవద్దు చిన్నోడా, పొద్దన్నే మొదటి బస్సుకు వచ్చేస్తా, వచ్చేటప్పుడు బెలూన్ తెస్తా.' ఎంత ముద్దుగా అందో. నేను పెట్టె జాబితాలోకి రాసేశాను కూడా. అవ్వ విని, 'ఇది వింటే వాడు బస్సు కోసం చూడడా అమ్మా?' అంది. మూడేళ్ల పిల్లాడికి అది పాత మాట అని తెలియదు, ఇప్పుడే చెప్పిందనుకుంటాడు. జాబితా మళ్లీ మొదటి నుంచీ తిరగేశాం. 'వస్తా', 'తెస్తా', 'రేపు', 'సాయంత్రం' ఉన్నవన్నీ తీసేశాం. ఒకటి రెండిటిలో ఆ ముక్క కోసి మిగతాది ఉంచాలని చూశాను, కోసిన చోట గొంతు తెగినట్టు తెలిసిపోతోంది. పూర్తిగానే తీసేశాం. ఇలాంటి పెట్టె ఎవరు చేసినా ఈ ఒక్క పని తప్పకుండా చేయాలని నా మనవి.

తిట్లు వద్దన్నాడు అన్న. పెద్దది ఒప్పుకోలేదు. 'అమ్మ తిడతా తిడతా నవ్వుతుంది కదా, అవి పెట్టు పిన్నమ్మా' అంది. విని చూస్తే నిజమే. ఎనిమిది తిట్లలో ఆరింటి చివర నవ్వుంది. పెట్టాం.

లెక్క: 163లో పెట్టెకు 48, తర్వాతి కోసం దాచినవి 84, ఆసుపత్రివి 31. పెట్టెలోవి: అన్నం 12, నిద్ర 7, బడి 10, తిట్లు 8, ముద్దుపేర్లు 11. నిడివి 14 నిమిషాలు.
ఖర్చు లేదు. ఇప్పటిదాకా రూ.700.

దశ 3: శబ్దం సరిచేయడం

ఓపస్ ఫైళ్లను ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో వేవ్ ఫైళ్లుగా మార్చి, శబ్దం సరిచేసే ఆడాసిటీలో తెరిచాను. రెండు సాఫ్ట్‌వేర్లూ ఉచితమే.

ఫ్యాన్ హోరు పోవాలని నాయిస్ రిడక్షన్ 12 డెసిబెల్స్ పెట్టాను. హోరుతో పాటు గొంతులోని గరగర కూడా పోయింది. 6కి తగ్గిస్తే గొంతు బాగానే ఉంది కానీ, వెనక నుంచి సన్నగా వినిపించే చిన్నోడి ఊకొట్టడం చెరిగిపోయింది. సాఫ్ట్‌వేర్‌కి ఆ ఊకొట్టడం కూడా హోరే. పెద్దదానికి శుభ్రం చేసినదీ చేయనిదీ రెండూ వినిపించాను, ఏది ఏదో చెప్పలేదు. శుభ్రం చేసినది విని, 'ఇది మనింట్లో చెప్పింది కాదు' అంది. కుక్కర్ విజిల్, రైలు కూత, ఫ్యాన్ అన్నీ వెనక్కి తెచ్చాను. చివరికి మిగిలిన పద్ధతి ఇది:

1. 100 హెర్ట్జ్ దగ్గర హై పాస్ ఫిల్టర్ (అంతకన్నా కింది శబ్దాలను తగ్గించేది). కరెంటు గుంయ్ శబ్దం 50 హెర్ట్జ్, ఆడవాళ్ల గొంతు మామూలుగా 165 పైన. గొంతును తాకకుండా గుంయ్ మాత్రమే పోతుంది.
2. లౌడ్‌నెస్ నార్మలైజేషన్, అన్నీ ఒకే స్థాయికి.
3. గుసగుసలు మాత్రం దానికన్నా 6 డెసిబెల్స్ తక్కువ.
4. ప్రతి ఫైలు మొదట్లో అర సెకను నిశ్శబ్దం. ఇది లేకపోతే పెట్టెలోని ప్లేయర్ మొదటి అక్షరాలు మింగేస్తోంది.
5. మోనో ఎంపీ3గా దాచాలి.

మూడోది ఎందుకంటే: చిన్నోడు ఒళ్లో నిద్రపోతుండగా తను గుసగుసగా పంపినవి కొన్ని ఉన్నాయి. అందరితో పాటు వాటిని పెంచేస్తే చెవిలో అరిచినట్టు అయ్యాయి. బిడ్డ లేస్తాడని తగ్గించిన గొంతు అది, తగ్గించినట్టే వినిపించాలి.

నిద్ర బటన్‌లో తను సొంతంగా కట్టిన జోల ఉంది. రోజుకో రకంగా మారేది. 'పాలోడు పడుకున్నాడు, పక్కింటి పిల్లి పడుకుంది, బస్టాండు పడుకుంది, కొండ మీద లైట్లు మాత్రం పడుకోలేదు, వాటికి అమ్మ లేదు, నీకుంది' అని ఒకటి. ఈ చివరి మాటల దగ్గర చాలాసేపు ఆగాం. ఉంచాలా వద్దా అని ఇప్పటికీ నాకు పూర్తిగా తేలలేదు. అన్న ఉంచమన్నాడు, ఉంచాను.

దశ 4: సర్క్యూట్

1. ఆర్డ్వినో నానో (కోడ్ రాసి నడిపించే చిన్న బోర్డు), దాని డీ2 నుంచి డీ7 దాకా పిన్‌లకు ఆరు బటన్లు. ప్రతి బటన్ రెండో కొస గ్రౌండ్‌కి. పుల్-అప్ (బటన్ నొక్కనప్పుడు పిన్‌లో వోల్టేజి నిలిపి ఉంచేది) కోడ్‌లోనే పెట్టాలి.
2. నానో డీ11 నుంచి డీఎఫ్ ప్లేయర్ మినీ (కార్డులోని ఎంపీ3లు వినిపించే చిన్న బోర్డు) ఆర్ఎక్స్ పిన్‌కి, మధ్యలో 1 కిలో ఓమ్ రెసిస్టర్. అది లేకపోతే స్పీకర్‌లో చిరచిర వస్తుంది.
3. ప్లేయర్ టీఎక్స్ పిన్ నేరుగా నానో డీ10కి.
4. 8 ఓమ్, 3 వాట్ స్పీకర్ నేరుగా ప్లేయర్‌కి. స్పీకర్ వైర్లలో ఏదీ గ్రౌండ్‌కి తగలకూడదు.
5. మూడు ఏఏ ఆల్కలైన్ సెల్స్, 4.5 వోల్టులు. ప్లేయర్ దగ్గర 470 మైక్రోఫారడ్ కెపాసిటర్.

అయిదు బటన్లకు అయిదు రకాలు. ఆరోది నొక్కితే 48లో ఏదో ఒకటి.

లిథియం బ్యాటరీ పెట్టొచ్చు, చార్జింగ్ సులువు. కానీ ఈ పెట్టె పిల్లల పక్కలో పడుకుంటుంది, తిరుపతిలో ఎండాకాలం మేడ మీది గది ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. సెల్స్ మార్చుకోవడమే మేలనుకున్నాం.

ఇబ్బంది పెట్టినవి:

అన్నం నొక్కితే జోల వచ్చింది. ఈ ప్లేయర్‌కి నంబర్ ఇచ్చి పాడమంటే ఫైలు పేరు చూడదు, కార్డులోకి ఏ వరసలో కాపీ అయిందో ఆ వరస చూస్తుంది. కార్డు ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, ఎంపీ3 అనే పేరుతో ఫోల్డర్ పెట్టి, ఫైళ్లకు 0001, 0002 అని నాలుగంకెల పేర్లిచ్చి, ఆ ఫోల్డర్ నుంచి పాడించే కమాండ్ వాడితే సరిపోయింది.

సౌండ్ పెంచితే మధ్యలో ఆగి మొదటికొచ్చేది. మల్టీమీటర్ పెట్టి చూస్తే గట్టి మాట దగ్గర 4.5 వోల్టుల నుంచి 3.4 దాకా పడుతోంది. ప్లేయర్‌కి కనీసం 3.2 కావాలి, వాడిన సెల్స్‌తో అంతకన్నా కిందికే పోతుంది. కెపాసిటర్ వేసి, సౌండ్ 30లో 18 దగ్గర కోడ్‌లోనే ఆపేశాను. పిల్లల చెవులకూ అదే మంచిది.

ఊరికే ఉన్నప్పుడు కూడా 45 మిల్లీ ఆంపియర్లు లాగుతోంది. స్విచ్ ఆపడం మరిచిపోతే రెండు రోజులకే సెల్స్ అయిపోయాయి. మూతకు లిమిట్ స్విచ్ పెట్టాం. మూత తీస్తేనే పని చేస్తుంది, మూస్తే ఆగిపోతుంది.

ఖర్చు: నానో 320, ప్లేయర్ 180, స్పీకర్ 90, కార్డు 350, బటన్లు 210, సెల్ హోల్డర్ 30, సెల్స్ 60, చిల్లర సామాను 80. రూ.1,320. ఇప్పటిదాకా రూ.2,020.

దశ 5: పెట్టె

తన స్టీలు క్యారియర్ గిన్నెలో పెట్టాలనుకున్నాం. కొన్ని మాటలకు గిన్నె మోగుతోంది. స్పాంజి అంటించినా తగ్గలేదు. దానికి తోడు అవ్వ, 'గిన్నెకు బెజ్జాలు కొట్టద్దమ్మా, దాంట్లో బిడ్డకు అన్నం పెట్టి పంపిస్తా' అంది. ఇప్పుడు పెద్దది బడికి ఆ గిన్నెలోనే తీసుకెళ్తోంది.

చెక్కపెట్టె మాధవమాలలో చేయించాం. ఏర్పేడు దగ్గర ఆ ఊరు చెక్క బొమ్మలకు పేరు. వేప చెక్క, 20 సెంటీమీటర్ల పొడవు, 14 వెడల్పు, 9 ఎత్తు. ఎర్రచందనం అందంగా ఉంటుందన్నారు, వద్దనుకున్నాం, అనుమతుల గొడవ ఉంటుంది. స్పీకర్ ముందు ఒకే పెద్ద రంధ్రం కాకుండా 3 మిల్లీమీటర్ల బెజ్జాలు వేయించాను, పెన్సిల్ దూరకూడదని. సెల్స్ గది మూత స్క్రూలతోనే తెరుచుకోవాలి. చిన్నోడు ఇంకా అన్నీ నోట్లో పెట్టుకుంటాడు.

బటన్లకు బొమ్మలు పెద్దదే వేసింది. తిట్ల బటన్ మీద పెద్ద కళ్లు, కింద నవ్వే నోరు.

ఖర్చు: పెట్టె 1,100, స్క్రూలు, ఫెల్ట్ 90, లిమిట్ స్విచ్ 30. ఇప్పటిదాకా రూ.3,240.

దశ 6: పిల్లల చేతిలో

పెద్దది మొదట బడి బటన్ నొక్కింది. 'ఏం తింటివి ఈ పొద్దు? టీచరు ఏమనింది?' అని వాళ్లమ్మ గొంతు. పెద్దది 'పెరుగన్నం' అని జవాబు చెప్పి, మళ్లీ నొక్కింది. అన్న బయటికి వెళ్లి వరండాలో నిలబడ్డాడు. ఆ రోజంతా లోపలికి రాలేదు. పెట్టె ఇచ్చే ముందు పెద్దవాళ్లు మొత్తం ఒకసారి విని ఉండాలి. అన్న కొన్నే విన్నాడు.

చిన్నోడి సంగతి వేరుగా జరిగింది. అన్నం బటన్ నొక్కి, 'నోరు తెరు నాయనా' వినగానే నోరు తెరిచాడు. రెండు మూడుసార్లు అలాగే. మర్నాడు అవ్వ చూసేసరికి స్పీకర్ బెజ్జాలన్నిటికీ సంగటి మెత్తి ఉంది. అమ్మకు పెడుతున్నాడు. పెట్టెలో అమ్మ ఉందనుకున్నాడు.

సంగటి ఎండితే గట్టిపడుతుంది. స్పీకర్ విప్పి, తడిగుడ్డతో నానబెట్టి, పళ్లపుల్లతో ఒక్కో బెజ్జం తీశాను. స్పీకర్‌కి ఏమీ కాలేదు.

అయితే ఆలోచించాల్సింది స్పీకర్ గురించి కాదు. అంతవరకూ వాడికి అందరం 'అమ్మ దేవుడి దగ్గరికి పోయింది' అని చెబుతూ వచ్చాం. వేరే ఊళ్లలో ఆ మాట ఎలా ఉంటుందో గానీ, తిరుపతిలో దేవుడు మేడ ఎక్కితే కనిపించే కొండ మీద ఉంటాడు. పొద్దున బస్సెక్కి వెళ్లినవాళ్లు సాయంత్రానికి గుండుతో, లడ్డుతో తిరిగొస్తారు. వాడు అమ్మ కూడా అలాగే వస్తుందని చూస్తున్నాడు. ఇప్పుడు పెట్టెలో దొరికిందనుకున్నాడు.

మార్పులు:

1. పెట్టె వెనక పలక తీసేసి 3 మిల్లీమీటర్ల అక్రిలిక్ షీటు స్క్రూలతో బిగించాం. లోపల ఏముందో కనిపిస్తుంది.
2. బిగించక ముందు వాడిని కూర్చోబెట్టి అన్నీ ముట్టుకోనిచ్చాం. ఇది స్పీకర్, ఇది కార్డు, ఇవి సెల్స్. అమ్మ ఫోన్లో చెప్పిన మాటలు ఈ కార్డులో పెట్టాం.
3. మాట మార్చాం. 'అమ్మ చచ్చిపోయింది. ఇంక రాదు. నువ్వంటే అమ్మకు చానా ఇష్టం, ఆ మాటలు ఇందులో ఉన్నాయి.' అన్నే చెప్పాడు. ఆ మొదటి రెండు మాటలు అవ్వ ఇప్పటికీ అనలేదు, మేము బలవంతం చేయలేదు.
4. బెజ్జాల వెనక తన నూలు చీర ముక్క అంటించాం. అన్నం లోపలికి పోదు, శబ్దం తగ్గలేదు.

వాడు ఒక్కసారికి అర్థం చేసుకోలేదు. అదే ప్రశ్న మళ్లీ మళ్లీ అడిగాడు, అదే జవాబు మళ్లీ మళ్లీ చెప్పాం. అడగడం ఇప్పుడు తగ్గింది. పెట్టెను వెనక్కి తిప్పి కార్డు చూపించి 'మాటలు' అంటాడు. అన్నం బటన్ నొక్కితే ఇప్పటికీ నోరు తెరుస్తాడు. అవ్వ ఆ సమయానికి ముద్ద కలిపి సిద్ధంగా ఉంటోంది.

ఖర్చు: అక్రిలిక్ 120. ఇప్పటిదాకా రూ.3,360.

దశ 7: మిగిలిన పని

అదే మాటలు ఎక్కించిన రెండో కార్డు ఒకటి అన్న బీరువాలో ఉంది. ఆసుపత్రి కార్డును ఏడాదికోసారి కంప్యూటర్లో తెరిచి పని చేస్తోందో లేదో చూడాలి, వాడని ఫ్లాష్ కార్డును ఏళ్ల తరబడి నమ్మలేం. సంవత్సరీకానికి బంధువులంతా వస్తారు, అప్పుడు వాళ్ల ఫోన్లు కూడా చూడాలని అనుకున్నాం. చిత్తూరులో ఉన్న తన చిన్నమ్మ దగ్గర ఇంకొన్ని ఉంటాయని అవ్వ అంటోంది.

పెద్దది ఏడో బటన్ అడిగింది. అందులో అమ్మ మాటలు కాదు, తనవి పెడుతుందట, తమ్ముడికి గుర్తుండని సంగతులు. డీ8 పిన్ ఖాళీగా ఉంది. చెప్పాల్సినవి ఇప్పటికే నోటుబుక్కులో రాసింది: అమ్మ నిన్ను 'బుడంకాయ' అనేది. అమ్మకు చేదు కాకరకాయ ఇష్టం. గంగజాతరలో నువ్వు వేషాలు చూసి ఏడిస్తే అమ్మ నిన్ను కొంగులో దాచింది. ఇంకా నాలుగున్నాయి. బటన్ 35 రూపాయలు, అది కలిపితే రూ.3,395. రికార్డింగ్ ఆదివారం, ఫ్యాన్ ఆపకుండా.